నోటికి వచ్చిన శ్లోకం పాఠంలో ఎదురైతే...

ఉదయసముద్రం (నల్లగొండ):

అందరికీ నమస్కారం. నేను ఎంఏ హిస్టరీ చదువుతున్నాను. మీ అందరి అనుభవం అడగాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

శాసనాల పేపర్‌లో ఒక తామ్రశాసనం చదివిస్తున్నారు. రాజు ఎవరు, దానం ఎవరికి, పొలానికి తూర్పున ఏముంది, పడమట ఏముంది అని కూడబలుక్కుంటూ చివరికి వచ్చాం. అక్కడ "స్వదత్తాం పరదత్తాం వా" అని కనబడింది. మిగతాది కాగితం చూడకుండానే నోటికి వచ్చేసింది: "యో హరేత వసుంధరాం, షష్టిం వర్షసహస్రాణి విష్ఠాయాం జాయతే క్రిమిః". తాను ఇచ్చిందైనా, ఇంకొకరు ఇచ్చిందైనా, దానం చేసిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏండ్లు మలంలో పురుగై పుడతాడని దాని భావం.

మా తాత పట్వారీగా చేసినాయన. గట్టు తగాదా ఎవరు పట్టుకొచ్చినా ముందు ఈ శ్లోకం చదివి, తర్వాత పహాణీ (భూమి రికార్డు) తీసేవాడు. విని విని మా ఇంట్లో పిల్లలందరికీ వచ్చేసింది. అది తాత మాట అనుకునేదాన్ని. ఇన్ని వందల ఏండ్ల కిందటి రాగిరేకుల మీద ఉంటుందని ఊహించలేదు.

దీని మీదే సెమినార్ పేపర్ రాయాలనుకుంటున్నాను. మనకు ముందే కంఠస్థం వచ్చిన వాక్యం చరిత్రలోనో, సాహిత్యంలోనో, రాజనీతి శాస్త్రంలోనో ఎదురైతే అది చదువుకు ఏం చేస్తుంది? సాయమా, అడ్డమా? గీత కావచ్చు, బైబిల్ కావచ్చు, ఖురాన్, పోతన పద్యం, తత్వం, ఏదైనా సరే. మీకు ఎదురైనవి చెప్పండి.

శాసనప్రియ:

మంచి విషయం ఎత్తుకున్నావమ్మా. శాసనాలు చదివేవాళ్ళకు ఇది రోజూ ఉండేదే. నువ్వు చెప్పిన శ్లోకం పక్కన ఇంకొన్ని ఉంటాయి. "బహుభిర్వసుధా దత్తా", "సామాన్యోఽయం ధర్మసేతుర్నృపాణాం" లాంటివి. చాలా శాసనాలు వీటిని వ్యాసుడు చెప్పిన శ్లోకాలని చెప్పి మరీ చెక్కించాయి. ఒక రాజవంశానివో, ఒక ప్రాంతానివో కావు, దేశమంతటా వాడారు.

సాయమే. రాయి పగిలి నాలుగు అక్షరాలు పోయినా, మొదటి పాదం దొరికితే మిగతాది ఏమై ఉంటుందో తెలిసిపోతుంది. లిపి కొత్తదైతే ఈ శ్లోకాన్నే ఆధారం చేసుకొని అక్షరాలు గుర్తుపట్టవచ్చు. "వ" ఎట్లా రాశాడు, "స" ఎట్లా రాశాడు అని ఇక్కడ చూసుకొని, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఊరి పేర్లు చదువుకోవచ్చు. నేను అట్లానే నేర్చుకున్నాను.

కానీ ఒకటి గట్టిగా చెప్తాను. "బహుభిర్వసుధా దత్తా" తర్వాత కొన్ని శాసనాలలో "రాజభిస్సగరాదిభిః" అని ఉంటుంది, కొన్నింటిలో "బహుభిశ్చానుపాలితా" అని ఉంటుంది. నీకు మొదటిది కంఠస్థమైతే కన్ను రాయి మీద ఉన్నా నోరు మొదటిదే పలుకుతుంది. పగిలిన చోట ఏది ఉండేదో చెప్పడానికి ఎన్ని అక్షరాల జాగా ఉందో కొలవాలి, మిగిలిన గీతలు ఏ అక్షరానికి సరిపోతాయో చూడాలి. నింపిన భాగాన్ని బ్రాకెట్‌లో పెట్టి, అది మనం నింపిందే అని చదివేవాడికి తెలిసేలా రాయాలి. ఇక్కడ రాజీ పడకు.

దేవరకొండ టీచర్:

నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్తాను. మాది మెన్నొనైట్ బ్రదరన్ సంఘం. దేవరకొండ, జడ్చర్ల, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు ఉన్నవాళ్ళకు ఈ సంఘాలు తెలిసే ఉంటాయి. సండే స్కూల్లో వారానికో వాక్యం కంఠస్థం చేయాలి, అప్పజెప్పాలి. అట్లా వచ్చినవి ఇప్పటికీ పోలేదు.

ఎంఏలో మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో ఇచ్చిన ప్రసంగం చదివాం. నీళ్ళలా న్యాయం, ప్రవాహంలా నీతి పారేదాకా మాకు తృప్తి లేదని ఆయన అంటాడు. బైబిల్లో ఆమోసు ఐదో అధ్యాయం, ఇరవై నాలుగో వచనం! ఇంకాస్త ముందుకు పోతే "ప్రతి లోయను ఎత్తు చేయవలెను" అన్న మాట వచ్చింది. అది యెషయా నలభయ్యో అధ్యాయం. కింగ్ గ్రంథం పేరూ చెప్పడు, ప్రవక్త పేరూ చెప్పడు. ఆ అవసరం లేదు. ఎదురుగా ఉన్నవాళ్ళలో ఎంతోమంది చర్చిలో పెరిగినవాళ్ళు, మాట సగంలో ఉండగానే మిగతా సగం వాళ్ళ మనసులో పూర్తవుతుంది. ఆ ప్రసంగానికి అంత బలం ఎక్కడిదో మా క్లాసులో వాక్యం తెలిసిన పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని పడలేదు.

అయితే ఉదయసముద్రం చెల్లె అడిగిన ప్రశ్నకు నా జవాబు దీని తర్వాతే ఉంది. సండే స్కూల్లో మాకు ఇరవై నాలుగో వచనం ఒక్కటే నేర్పారు. ప్రసంగం చదివాక ఇంటికి వెళ్ళి దానికి ముందున్న మూడు వచనాలు చదివాను. మీ పండుగలు నాకు అసహ్యం, మీ బలులు నాకొద్దు, మీ పాటల చప్పుడు ఆపండి అని దేవుడు తన భక్తులనే గద్దిస్తున్నాడు. పూజ ఎంత ఘనంగా చేసినా న్యాయం లేకపోతే అక్కర్లేదని దానర్థం. అప్పటిదాకా నాకు అది గోడకు తగిలించుకునే వాక్యం. కింగ్ దాన్ని ఎందుకు ఎంచుకున్నాడో ముందు వచనాలు చదివితే తెలిసింది. కంఠస్థం చేసేటప్పుడు వాక్యాన్ని దాని చోటు నుంచి విడదీసి నేర్చుకుంటాం. పై చదువు దాన్ని మళ్ళీ దాని చోట పెట్టి చూపించాలి.

కొత్తచెరువు:

నాకు చిన్నప్పటి నుంచి ఏదీ కంఠస్థం రాదు. ఇంట్లో పూజ అంటే దండం పెట్టుకోవడమే. నెట్ పరీక్షకు చదువుతున్నాను. ఇవన్నీ చూస్తుంటే టెన్షన్ వస్తోంది. మాలాంటి వాళ్ళు ఇక వెనకబడినట్టేనా?

దేవరకొండ టీచర్:

కాదు తమ్ముడూ. ప్రశ్న వేయడం నీకే సులువు. మాకు పాత స్నేహితుడు కనబడినట్టు అనిపించి, అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. నువ్వు "ఇది ఎక్కడిది, ఇక్కడెందుకు వచ్చింది" అని నేరుగా అడుగుతావు. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే వివరణలు మంచి ప్రచురణలలో అడుగున ఉంటాయి. వాటిని వదలకుండా చదువు, చాలు.

గద్వాల సార్:

అమ్మా ఉదయసముద్రం, మీ తాతగారు పహాణీ తీసే ముందు ఆ శ్లోకం చదివేవారని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం నీ పేపర్‌లో తప్పకుండా ఉండాలి. శాసనం చివర శ్లోకం చేసే పనే ఆయన ఇంట్లో కూర్చొని చేశారు. తగాదాకు ముందే ఒక భయం, ఒక గౌరవం కల్పించడం. శాసనం ఇంకా బతికే ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నేను తెలుగు పంతులుగా రిటైరైన వాణ్ణి. విద్వద్గద్వాల అని సంస్థానం రోజుల్లో పేరున్న ఊరు మాది. నాకు చిన్నప్పుడు కొన్ని ఉపనిషత్తు భాగాలు నేర్పారు, అర్థం చెప్పలేదు. ఇంగ్లిష్ ఎంఏ చదివే పిల్లలు అప్పుడప్పుడు టి.ఎస్. ఎలియట్ 1922 నాటి కవిత "ద వేస్ట్ లాండ్" పట్టుకొని నా దగ్గరకు వస్తారు. చివరి భాగంలో ఉరుము "ద, ద, ద" అంటుంది కదా, అది చెప్పమని.

కథ బృహదారణ్యక ఉపనిషత్తులోది. ప్రజాపతి దగ్గర దేవతలు, మనుషులు, అసురులు బ్రహ్మచర్యం చేశాక ఉపదేశం అడుగుతారు. ముగ్గురికీ ఆయన ఒకే అక్షరం చెప్తాడు. దేవతలు దాన్ని "దామ్యత" అనుకుంటారు, మనసును అదుపులో పెట్టుకోమని. మనుషులు "దత్త", ఇవ్వమని. అసురులు "దయధ్వం", దయ చూపమని. ముగ్గురినీ ఆయన సరిగ్గానే అర్థం చేసుకున్నారంటాడు. ఎవరికి ఏది లోపమో వాళ్ళకు అదే వినబడింది.

ఇప్పుడు ఎలియట్ వరస చూడండి. దత్త, దయధ్వం, దామ్యత. మనిషికి చెప్పింది ముందుకు వచ్చింది, దేవతలకు చెప్పింది చివరికి పోయింది. అర్థం మాత్రమే తెలిసినవాడికి మూడూ ఉన్నాయి కదా అనిపిస్తుంది. వల్లె వేసినవాడికి మాత్రం పాదం తప్పినట్టు వెంటనే తెలుస్తుంది. నా ఉద్దేశంలో ఆ కవిత మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఎండిపోయిన మనుషుల గురించి కాబట్టి మనిషి పాఠం ముందు పెట్టాడు. ఇంకొకరు ఇంకో కారణం చెప్పవచ్చు. కానీ ఆ ప్రశ్న పుట్టడానికి మూలం వరస చెవిలో ఉండాలి.

ఇంకొకటి. ఎలియట్ తన నోట్స్‌లో ఈ కథ ఐదో అధ్యాయం, ఒకటో భాగంలో ఉందని రాశాడు. మన అచ్చు ప్రతులలో అది ఐదో అధ్యాయం రెండో బ్రాహ్మణం. పిల్లలు నోట్స్ చూసి మొదటి బ్రాహ్మణం తెరిచి, "ఓం పూర్ణమదః" దగ్గర వెతికి, లేదని వచ్చేస్తారు.

ఉదయసముద్రం:

సార్, హార్వర్డ్‌లో ఎలియట్ సంస్కృతం చదివాడని విన్నాను. మరి వరస తెలియక మార్చాడని అనలేం కదా?

గద్వాల సార్:

అనలేం. అక్కడ లాన్‌మన్ అనే ప్రొఫెసర్ దగ్గర సంస్కృతం చదివినవాడు. తెలిసే మార్చాడు. చివర "శాంతిః శాంతిః శాంతిః" అని పెట్టి, ఉపనిషత్తు ఇట్లా ముగుస్తుందని నోట్ కూడా రాశాడు. మనం చదివే శాంతిపాఠంలో ముందు ఓంకారం ఉంటుంది. ఆయన దాన్ని తీసుకోలేదు. దాని మీద కూడా పేపర్ రాయవచ్చు.

అమెరికన్ కవి ఎమర్సన్ "బ్రహ్మ" అనే కవిత కూడా చూడండి. 1857లో అచ్చయింది. చంపేవాడు చంపుతున్నానని అనుకుంటే, చచ్చేవాడు చచ్చానని అనుకుంటే అని మొదలవుతుంది. మన పిల్లలు వెంటనే గీత రెండో అధ్యాయం అని రాస్తారు, "య ఏనం వేత్తి హంతారం" వచ్చు కాబట్టి. కఠోపనిషత్తులో "హంతా చేన్మన్యతే హంతుం" అని ఉంది. శ్లోకం రెండో సగం రెండింటిలోనూ ఒకటే. ఎమర్సన్ వాక్యం మొదలైన తీరు కఠానికి దగ్గర. ఏది కంఠస్థమో అదే మూలం అనుకోకూడదు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

పాలమూరు ముసాఫిర్:

సలాం అందరికీ. మహబూబ్‌నగర్ నుంచి. చిన్నప్పుడు మదరసాలో ఖురాన్ చదివాను, కొన్ని సూరాలు (అధ్యాయాలు) నోటికి వచ్చు. అరబ్బీ అర్థం తెలియకుండానే వచ్చు. గద్వాల సార్ చెప్పినట్టే.

డిగ్రీలో హిస్టరీ టూర్‌కు హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళారు. రాళ్ళ మీద అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, అల్లుకొని ఉంటాయి. అరబ్బీ అక్షరాలు వచ్చినా చదవడం కష్టం. నాకు తెలిసిన ఆయత్‌లో, అంటే ఖురాన్ వాక్యంలో, ఒక మాట కనబడగానే తర్వాత మాట కోసం వెతికాను, అది పైవరసలో దొరికింది. అట్లా మొత్తం విప్పుకుంటూ పోయాను. శాసనప్రియ గారు "వ", "స" గురించి రాసింది చదివి మస్తు సంతోషం వేసింది. సరిగ్గా అదే పని.

ఇప్పుడు పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. మానవ హక్కుల పాఠంలో, ఉపన్యాసాలలో ఒక వాక్యం తరచుగా వస్తుంది: ఒక ప్రాణం తీస్తే మానవజాతి మొత్తాన్ని చంపినట్టు, ఒక ప్రాణం నిలిపితే మానవజాతి మొత్తాన్ని నిలిపినట్టు. ఐదో సూరా, ముప్పై రెండో ఆయత్. విన్నప్పుడల్లా గుండె నిండుతుంది. ఆయత్ మొత్తం నోటికి వచ్చినవాడికి ఇంకో రెండు విషయాలు వినబడతాయి. ఒకటి, ఇది బనీ ఇస్రాయీల్‌కు (ఇశ్రాయేలు సంతతికి) మేం విధించాం అని మొదలవుతుంది. యూదుల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో, సన్హెద్రిన్ అనే భాగం నాలుగో అధ్యాయంలో ఇట్లాంటి మాటే ఉంది. రెండోది, హత్యకు, భూమ్మీద కల్లోలానికి ప్రతిగా తప్ప అని మధ్యలో ఒక మినహాయింపు ఉంది. ఉపన్యాసాలలో రెండూ పోతాయి. వాక్యం అందం కోసం కోసేస్తారు. పరీక్ష పేపర్‌లో నేను మొత్తం రాస్తాను. నాకు ప్రియమైన వాక్యం కాబట్టే మొత్తం రాస్తాను.

కొత్తచెరువు:

ముసాఫిర్ భాయ్, కోసేయడం అంటే గుర్తొచ్చింది. పాలిటీలో చిహ్నాలు, నినాదాలు చదువుతుంటాం. "సత్యమేవ జయతే" ముండకోపనిషత్తు నుంచి అని రాసుకున్నాను. ఎల్ఐసీ "యోగక్షేమం వహామ్యహం" గీతలోది అంటారు. ఇది కూడా కోసిందేనా?

గద్వాల సార్:

కోసిందే. తొమ్మిదో అధ్యాయం, ఇరవై రెండో శ్లోకం. "అనన్యాశ్చింతయంతో మాం యే జనాః పర్యుపాసతే, తేషాం నిత్యాభియుక్తానాం యోగక్షేమం వహామ్యహమ్". వేరే చింత లేకుండా నన్నే ఉపాసించేవాళ్ళ బాగోగులు నేను చూసుకుంటాను అని. బీమా సంస్థ చివరి పాదం ఒక్కటే తీసుకుంది. "ఎవరి బాగోగులు" అన్న షరతు పోయింది. పోవడమే బాగుంది ఇక్కడ, పాలసీ అందరికీ కదా. కోత వల్ల అర్థం విశాలమైన సందర్భం ఇది. కాబట్టి కోసిన ప్రతిచోటా తప్పు పట్టకండి. ఏం పోయింది, పోయినందువల్ల ఏమైంది అని చూడండి.

నల్లమల గాలి (అచ్చంపేట):

ఇదంతా చదివాను. అందరూ బాగా రాశారు. కానీ ఎవరూ ఎత్తని మాట ఒకటి ఉంది. నేను చెప్తాను.

మా ఇంట్లో శ్లోకాలు లేవు. మా తాతకు ఎవరూ నేర్పలేదు, నేర్పే అవకాశమూ ఇవ్వలేదు. చెప్పులు కుట్టిన ఇల్లు మాది. గీత మొదటిసారి యూనివర్సిటీ లైబ్రరీలో చదివాను. కానీ మా తాత భజనలో ఏకతార పట్టుకొని రాత్రంతా తత్వాలు పాడేవాడు. అవి నాకు కంఠస్థం. ఇది కూడా కంఠస్థమే అని మొదట ఒప్పుకోవాలి.

ఎంఏ తెలుగులో గీత ఐదో అధ్యాయం చెప్తున్నప్పుడు "నవద్వారే పురే దేహీ" అని వచ్చింది. తొమ్మిది వాకిళ్ళ పట్నంలో దేహి, అంటే ఒంట్లోని ఆత్మ, ఉంటాడని. మా తాత పాడే తత్వాలలో ఈ ఒళ్ళు తొమ్మిది తూట్ల తిత్తి. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే, వేరే బట్టలు వేసుకొని ఎదురుగా నిలబడింది. క్లాసులో లేచి చెప్పాను. తత్వం గీత నుంచి వచ్చింది అని ఒకరన్నారు. అక్కడితో నా మాట అయిపోయింది.

నాకు అది చాలలేదు. తర్వాత శ్వేతాశ్వతర ఉపనిషత్తులోనూ "నవద్వారే పురే దేహీ" అని చూశాను. మరి దాన్ని గీత ఎక్కడి నుంచి తీసుకుంది అని ఎవరూ ఆ గొంతుతో అడగరు. మా తాత పాటకు మాత్రమే "ఎక్కడి నుంచి" అన్న ప్రశ్న. పాడేవాడు ఏం చేశాడన్నది కూడా చూడాలి కదా. గీతలో దేహి పట్నంలో రాజులాగా సుఖంగా కూర్చుంటాడు. తత్వంలో పట్నం లేదు, రాజు లేడు. తోలు తిత్తి ఉంది, అది కారిపోతుంది. తోలు పని చేసిన చేతులకు తెలిసిన శరీరం అది. ఒకే లెక్క, తొమ్మిది. లోకం వేరు.

చెల్లె, నీ పేపర్‌లో ఈ ముక్క కూడా పెట్టు. ఎవరికి ఏది నోటికి వచ్చు అన్నది వాళ్ళ ఇల్లు, కులం, గుడి, మసీదు, చర్చి చెప్తాయి. అది వదిలేస్తే పేపర్ సగమే.

దేవరకొండ టీచర్:

అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. క్లాసులో మీ మాట అక్కడితో ఆపడం అన్యాయం. నా పిల్లల్లో ఎవరైనా అట్లా లేస్తే పాట మొత్తం పాడమంటాను.

గద్వాల సార్:

బాబూ, నువ్వు చెప్పింది నిజం. నాకు ఉపనిషత్తు నేర్పిన అరుగు మీద మీ తాతగారికి చోటు లేదు. అది మా తరం మోయాల్సిన విషయం. గీతలో ఆ శ్లోకం "సుఖం వశీ" (సుఖంగా, అన్నీ అదుపులో పెట్టుకొని) అన్న మాటలతోనే నడుస్తుంది, నువ్వు రాజు అన్నది సరిగ్గా పట్టుకున్నావు. తత్వం దాన్ని తిరగేసింది. ఏ వ్యాఖ్యానంలోనూ నేను చూడని సంగతి ఇది.

ఉదయసముద్రం:

నల్లమల అన్నా, పెడతాను. మా ఇంట్లో ఆ శ్లోకం ఎందుకు ఉందో ఇప్పుడు వేరేగా ఆలోచిస్తున్నాను. భూమి కాగితాలు ఉన్న ఇల్లు కాబట్టి భూమి శ్లోకం ఉంది. భూమి లేని ఇంట్లో అది ఎందుకు ఉంటుంది? పైగా ఆ శ్లోకం దానం పొందినవాళ్ళ భూమిని కాపాడుతుంది. దున్నినవాళ్ళ పేరు అందులో లేదు. దీన్ని పేపర్‌లో ఒక విభాగంగా రాస్తాను.

శాసనప్రియ సార్, ఒక పని చేద్దామనుకుంటున్నాను. పానగల్లు, పిల్లలమర్రి, అలంపురం శాసనాలలో అచ్చయిన పాఠాలు తీసుకొని, చివరి శ్లోకాలు ఎక్కడ ఏ మార్పుతో ఉన్నాయో వరసగా రాసుకుంటాను. తెలుగు శాసనాలలో శ్లోకం బదులు గంగ ఒడ్డున కవిలావును చంపిన పాపం అని తిట్టు ఉంటుంది కదా, వాటిని కూడా కలపాలా?

శాసనప్రియ:

తప్పకుండా కలుపు. సంస్కృతం రానివాడు కూడా చదివించుకుంటే భయపడాలి కదా, అందుకే తెలుగులో ఆ తిట్టు. ఏ శాసనంలో శ్లోకం ఉంది, ఏ శాసనంలో తిట్టు ఉంది, దేంట్లో రెండూ ఉన్నాయి అని చూస్తే ఎవరు చదవాలని చెక్కించారో కొంత తెలుస్తుంది.

అచ్చు పాఠంతో ఆగిపోకు. పానగల్లు నీకు దగ్గరే. పచ్చల సోమేశ్వరాలయం దగ్గర మ్యూజియంలో రాళ్ళు ఉన్నాయి. పొద్దున్నే వెళ్ళు, ఏటవాలు ఎండలో అక్షరాల నీడ బాగా పడుతుంది. ముందు చూసి రాసుకో, తర్వాత అచ్చు పాఠంతో పోల్చు. అచ్చు తీయాలంటే, అదే తడి కాగితం వేసి బ్రష్‌తో కొట్టి సిరా అద్దడం, పురావస్తు శాఖ అనుమతి లేకుండా చేయకు. ఫొటో చాలు.

నల్లమల గాలి:

శాసనప్రియ గారూ, నాదో ప్రశ్న. మా తాత తత్వాలు ఒక నోటుబుక్కులో రాయించుకున్నాడు, ఊళ్ళో పిల్లగాడు రాసిపెట్టాడు. కొన్ని నాకు నోటికి వచ్చినదానికి, బుక్కులో ఉన్నదానికి తేడా ఉంది. పేపర్‌లో దేన్ని మూలంగా చూపించాలి?

శాసనప్రియ:

రెండూ చూపించండి. నోటుబుక్కు పాఠం ఒక పక్క, మీరు పాడే పాఠం ఒక పక్క. ఎవరు పాడారు, ఎవరు రాశారు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది పైన రాయండి. ఒకదాన్ని చూసి రెండోదాన్ని దిద్దకండి. నోటుబుక్కు పేజీలన్నీ ఈ వారమే ఫొటోలు తీసి రెండు చోట్ల దాచండి, పాత సిరా వానకాలం తట్టుకోదు.

నల్లమల గాలి:

సరే సార్. శనివారం ఊరికి పోతున్నా. మా మేనత్తకు ఇంకొన్ని తత్వాలు వచ్చు, ఆమె పాడుతుంటే రికార్డు చేస్తాను.